ఎర్ర పోగు కట్టిన కర్ర

తడిసిన కొత్త చీరల మూట విప్పితే ఒక వాసన వస్తుంది. గంజి, రంగు, తడి గోనెపట్టా కలిసిన వాసన. మొన్న వానలో సూరత్ పాండేసరలో ఒక మిల్లు గేటు ముందు ఎవరిదో మూట జారి నీళ్లలో పడింది. ఎత్తుదామని వంగినవాణ్ణి ఆ వాసన తగలగానే అలాగే ఆగిపోయాను. చుట్టూ టెంపోలు, చాయ్ బండి, షిఫ్టు దిగి సైకిళ్ల మీద పోతున్న మనుషులు. నేను మాత్రం డాంగ్ కొండల్లో ఒక వాగు నడుమ, ఒరిగిపోతున్న బండి మీద ఉన్నాను. నా పక్కన నర్సయ్య మామ ఉన్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి మగ్గాల మీద బతికే మావాళ్లు పెద్దవాళ్లను మామా అని, చిన్నవాళ్లను అల్లుడా అని పిలుచుకుంటారు. సగం వయసు పవర్‌లూమ్‌ల దగ్గర గడిపాక ఆయన ఆ పని వదిలేశాడు. అచ్చులో చిన్న చిన్న లోపాలున్న చీరలు, కట్ పీసులు మిల్లుల్లో కొని, కొండ ఊళ్ల వారపు అంగళ్లలో అమ్మేవాడు. నేను ఆయన టెంపో నడిపేవాణ్ణి. బార్డోలీ చెరుకు తోటలు, వ్యారా దాటాక టేకు అడవి మొదలవుతుంది. అక్కడినుంచి దారి కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది. ఒకవైపు రాయి, ఇంకోవైపు ఏమీ ఉండదు.

మొదటి రోజు నుంచే నాకు ఆ దారి అంటే భయం. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని మలుపుల్లో కావాలనే వేగం పెంచేవాణ్ణి, గట్టిగా పాటలు పాడేవాణ్ణి. మామ కిటికీ ఊచ పట్టుకుని, “జర మెల్లగ పోనీ అల్లుడా, నాకు భయమైతున్నది” అనేవాడు. ఏ దాపరికమూ లేకుండా, దాహమవుతున్నదని చెప్పినట్టు చెప్పేవాడు. నేను సూరత్ తిరిగొచ్చాక చాయ్ బండి దగ్గర ఆ మాట ఆయన గొంతుతోనే అని చూపించి అందరినీ నవ్వించేవాణ్ణి. ఆయన ఎదురుగా ఉన్నా ఆపేవాణ్ణి కాదు. ఆయనా నవ్వి, “అవు, నాకు భయమే. వీడు నడుపుతుంటే నీకు గాదా?” అనేవాడు. ఆయనను పిరికివాడనుకున్నాను.

అంగడిలో ఆయన అమ్మకం వింతగా ఉండేది. అందరూ చీరను కొంగు దగ్గర విప్పుతారు. ఆయన మచ్చ ఉన్నచోటే విప్పేవాడు. కొండ ఆడవాళ్ల ముందు ఆ చెదిరిన పువ్వు మీద వేలు పెట్టి, వచ్చీరాని వాళ్ల మాటల్లో, ముందు ఇది చూడు, తర్వాత ధర అడుగు అనేవాడు. చాలామంది వెళ్లిపోయేవారు. నాకు చిరాకు వచ్చి ఒకరోజు అడిగాను. “నేను చూపెడితె గది మచ్చ అల్లుడా. ఇంటికి పోయినంక ఆమె చూస్తె మోసం” అన్నాడు. చాదస్తమనుకున్నాను. ఒకసారి మచ్చ చూసి వెళ్లిపోయిన ఆడవాళ్లు తర్వాతి వారాల్లో మేం చీరలు పరిచే గోనెపట్టా వెతుక్కుంటూ రావడం చూస్తూ కూడా అలాగే అనుకున్నాను.

వానాకాలంలో ఆ కొండల్లో అసలు భయం వాగులు. వాటి మీద చాలాచోట్ల వాగు అడుగుకు కాస్త ఎత్తున కట్టిన లోలెవల్ వంతెనలే ఉంటాయి. మనమున్నచోట ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిసిన వాన ఎర్రగా దిగి వస్తుంది. అందుకు మామ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కట్ పీసులు కొలిచే మీటరు కర్రకు, మా టెంపో చక్రం నడిమి ఎత్తున, ఎర్ర నూలు పోగు కట్టాడు. వంతెన మీద నీళ్లుంటే బండి ఆపించి, పంచె ఎగగట్టి, కర్రతో తానే దిగేవాడు. వంతెన బాగా కుంగిన నడిమిదాకా వెళ్లి కర్ర ఆనించి చూసేవాడు. పోగు మునిగితే ఆ పూట బండి కదలదు. ఊళ్లో ఎవరి వసారాలోనో చీరల మూటల మీద పడుకునేవాళ్లం.

ఆ రోజు ఆయనకు చలిజ్వరం. అంగడి ముగించుకుని తిరిగి వస్తుంటే వాగు మీద నీళ్లు పారుతున్నాయి. ఆయన శాలువా కప్పుకుని వణుకుతూ కర్ర నా చేతికిచ్చాడు. “నడిమి దాక పో” అన్నాడు. దిగాను. నాలుగడుగులు వేసేసరికి నీళ్లు కాళ్లను పక్కకు లాగడం మొదలుపెట్టాయి. నడుమ నీటి రంగు వేరుగా, చిక్కగా ఉంది. అక్కడ చప్పుడు కూడా లేదు. ఆ చప్పుడు లేకపోవడమే నన్ను ఆపేసింది. ఒడ్డున కొందరు నిలబడి నన్నే చూస్తున్నారు. వాళ్ల ముందు భయపడినట్టు కనబడకూడదు. నిలబడ్డచోటే కర్ర ఆనించాను. పోగు నీళ్లకు పైనే ఉంది. వెనక్కి వచ్చి, పోగు మునగలేదని చెప్పాను. అది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. “నడుమ చూసినవా?” అని మామ అడిగాడు. “చూసిన మామా” అన్నాను.

నడిమికి చేరాక బండి మాట వినడం మానేసింది. వెనక భాగం మెల్లగా, ఎవరో చేత్తో జరిపినట్టు, అంచుకు జరిగింది. ఎడమ చక్రం వంతెన అంచున పాతిన గట్టురాయికి తట్టుకుని ఆగింది. ఇంజను ఆగిపోయింది. తలుపులోంచి నీళ్లొచ్చాయి. ఇద్దరం మూటల మీదికి ఎక్కాం. ప్రతి కుదుపుకూ ఆ రాయి కదులుతున్నట్టు అనిపించేది. నేను ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది. మామ మూట పళ్లతో చించి చీరలు లాగాడు. ఒక్కొక్కటే మెలిపెట్టి, తెగిన పోగును అతికే సాలెవాడి ముడితో చీరకు చీర కట్టాడు. ఆయన ఒళ్లు జ్వరంతో ఊగిపోతున్నా వేళ్లు మాత్రం మగ్గం దగ్గర ఉన్నట్టే కదిలాయి. ఒక కొస బండికి కట్టి, ఇంకో కొసకు ఇనుప జాకీ కట్టి ఒడ్డుకు విసిరాడు. ఒడ్డున ఉన్నవాళ్లు దాన్ని అందుకుని టేకు చెట్టుకు బిగించారు. ముందు నన్ను దింపాడు. ఆయన దిగుతుండగా బండి కదిలింది. ఆయన కాలు చక్రానికీ గట్టురాయికీ మధ్య పడింది. ఒక్కసారి మూలిగాడు. ముడి మాత్రం ఒక్కటీ జారలేదు; ఆ చీరలు పట్టుకునే ఒడ్డుకు చేరాడు.

ఒడ్డున నిలబడి చూసినవాళ్లలో ఒక ముసలాయన వాగు పక్క తన గుడిసెలో మాకు రాగి రొట్టె పెట్టి, మామ కాలికి వెదురు బద్దలు కట్టాడు. ఇద్దరూ కొండవాళ్ల భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు ఆ మాటలు రావు. సూరత్‌లో మామ భార్య, మా అత్తమ్మ, కాలు చూసి గొల్లుమంటే మామ, నీళ్లు ఒక్కసారిగా వచ్చాయని చెప్పాడు. తల వంచుకుని విన్నాను. ఆ మాట నాకు హాయిగా ఉంది. నా బతుకులో అంతకన్న సిగ్గుపడే సంగతి ఇంకొకటి లేదు.

కాలు అతికింది గాని వంకరగా అతికింది. వాగు తగ్గాక బయటికి లాగించిన ఆ టెంపోనే బాగు చేయించి, మరుసటి వానాకాలం మళ్లీ బయలుదేరాం. వంతెన వచ్చినప్పుడల్లా కర్ర కోసం చేయి చాపేవాణ్ణి. ఆయన ఇచ్చేవాడు కాదు. కుంటుకుంటూ తానే నీళ్లలో దిగేవాడు. స్టీరింగు పట్టుకుని ఆ వంకర కాలు నీళ్లలో తడబడటం చూస్తూ కూర్చోవాలి. నేను వాగులో చిక్కిన రోజు కన్న ఎక్కువ భయం నాకు ఆ సీట్లోనే తెలిసింది. ఒకరోజు ఆయన నడిమిలో తూలాడు. దూకి పరుగెత్తి నడుము పట్టుకున్నాను. నీళ్లలో నిలబడే చెప్పాను.

“ఆ రోజు నేను ఈడిదాక రాలే మామా. భయమైంది. అబద్ధం చెప్పిన.”

ఆయన నా భుజం మీద బరువు వేసి నిలదొక్కుకున్నాడు. “ఎరుకే. ఆ ముసలాయన గుడిసెలనే చెప్పిండు” అన్నాడు.

“మరి ఏనాడు అడగలేదేంది?”

“మచ్చ నువ్వే చూపెడ్తవని చూసిన.” కర్ర నా చేతిలో పెట్టాడు. “భయమైతె గది చెప్పాలె అల్లుడా. నువ్వు చెప్తె ఇద్దరం ఒడ్డుకుంటం.”

మామ పోయాడు. బండి నాదైంది, డ్రైవరు కొత్తవాడు. కర్ర మాత్రం అదే. ప్రతి వానాకాలం ముందు పాత పోగు విప్పి కొత్త ఎర్ర పోగు కడతాను. పోయిన వారం అదే వాగు ముందు బండి ఆపించి దిగాను. నీళ్ల రంగు మారేచోట ఎప్పటిలాగే వెనక్కి తిరగాలనిపించింది. నడిమిదాకా వెళ్లాను. పోగు మునిగింది. తిరిగి వస్తుంటే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏంది సేట్, భయమైందా?” అని నవ్వాడు.

“అయింది” అన్నాను. “బండి తిప్పు.”