సవరణల బీరువా

మా వదిన మొహం ఊళ్ళో చాలామందికి తెలీదు గానీ, గొంతు వింటే మాత్రం సగం ఊరు గుర్తుపడుతుంది. పురపాలక గ్రంథాలయం మేడ మీద రికార్డింగు గది ఆవిడది. ఊరికొచ్చిన రచయితల ప్రసంగాలు, ఊళ్ళోని పెద్దవాళ్ళ జ్ఞాపకాలు క్యాసెట్లకెక్కించి భద్రపరచడం ఉద్యోగం. ప్రతి క్యాసెట్టూ ఆవిడ గొంతుతోనే మొదలవుతుంది. అందుకే అందరికీ మైకక్క అయింది.

పెళ్ళికి ముందు రేడియోలో చదవాలని ఆశపడిందట. పరీక్షకు వెళ్తే, గొంతు గంటలా ఉందమ్మా, కాకపోతే దాన్ని ఆపడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి అని పంపించేశారట. ఈ ముక్క ఆవిడే నవ్వుతూ చెప్పేది. మా అమ్మకు మాత్రం కోడలి ఉద్యోగం ఎప్పటికీ నమ్మశక్యం కాలేదు. ఇంట్లో ఎవర్నీ నోరు మెదపనివ్వని పిల్ల, అక్కడ రోజంతా కూర్చుని ఎదుటివాళ్ళు చెప్పింది వింటుందా అని అమ్మ సందేహం. సందేహం సబబే. క్షౌరం చేసే ముసలాయన పెద్ద వరద గురించి చెప్తున్న క్యాసెట్టు నేను విన్నాను. అందులో ఆయన చెప్పింది సగం, "అది కాదు బాబాయ్, అప్పటికి మీ చిన్నల్లుడు ఊళ్ళోనే లేడుగా" అని మా వదిన చెప్పింది సగం.

గదిలో నాలుగు ఇనుప బీరువాలు. వీధి చప్పుడు రాకుండా కిటికీలకు పాత పరుపులు. ఫ్యాను తిరిగితే కిర్రుమంటుంది కాబట్టి రికార్డింగు జరిగినంతసేపూ ఆపేసేవాళ్ళు. మహామహులు కూడా అక్కడ చెమటలు కక్కుతూనే చరిత్ర చెప్పారు. గ్రంథాలయాధికారి ఒక్క క్యాసెట్టయినా విన్న పాపాన పోలేదు. ఏడాదికి ఎన్ని పెరిగాయన్నదే ఆయనకు కావాలి. పెరిగితే మంచి చరిత్ర, పెరక్కపోతే చెడ్డ చరిత్ర.

ఇలా సాగుతుండగా మా ఊరి రచయితగారికి అరవై ఏళ్ళు నిండాయి. డజను నవలలు రాసిన మనిషి. ఊళ్ళో ఏ సంఘం పెట్టినా అధ్యక్షుడి కుర్చీ ముందుగా ఆయనింటికే నడిచి వెళ్ళేది. ఆయన ఉండే వీధికి ఆయన పేరే పెట్టాలని పురపాలక సంఘం తీర్మానించింది. ఆ సభలో, కుర్రతనంలో ఆయన గ్రంథాలయంలో ఇచ్చిన తొలి ప్రసంగం వినిపిస్తే బాగుంటుందని అధికారికి తోచింది. వదిన ఉద్యోగంలో చేరిన కొత్తలో రికార్డు చేసిన క్యాసెట్టది. రచయితగారు మురిసిపోయి, ముందు తను ఒకసారి వింటానని మేడెక్కి వచ్చారు.

వదిన ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మీట నొక్కింది. మొదట ఆయన తల ఊపారు. కాసేపటికి ఊపడం ఆగింది. తర్వాత మొహంలో నెత్తుటిచుక్క లేదు. క్యాసెట్టులో ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు అంటున్నాడు: "నా పేరు ఏ వీధికైనా పెడితే ఆ వీధిలో అడుగు పెట్టను. రచయితకు బిరుదు తగిలించడమంటే దున్నపోతుకు గంట కట్టడమే. కావలిస్తే రాసి పెట్టుకోండి."

రాసి పెట్టుకోలేదు. రికార్డు చేసి పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇందులో శబ్దం సరిగా లేదు. చెరిపేద్దాం" అన్నారు ఆయన.

"శబ్దం శుభ్రంగా ఉంది గురువుగారూ. అదే కదా ఇబ్బంది" అంది వదిన.

ఈ గదిలో ఏదీ చెరపకూడదన్నది నియమమని చెప్పింది. ఆ నియమం ఎవరు పెట్టారంటే తానేనంది. కావాలంటే ఒక సవరణ రికార్డు చేస్తాను, పక్కనే ఉంచుతాను అని దారి చూపింది. ఆయన ఆలోచించి సరేనన్నారు. ఫ్యాను ఆపారు. పాత ప్రసంగం అరగంట. సవరణ గంట పట్టింది. వీధి అంటే ఆనాడు తన దృష్టిలో ఒక ప్రతీక అనీ, అడుగు అంటే అంతరంగపు అడుగు అనీ, ప్రజల ప్రేమను కాదనడం అహంకారమవుతుందనీ చెప్పుకొచ్చారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆయన పృథివంతా తిరిగి తన మాటను మెడపట్టుకుని ఈడ్చుకురావాలని చూశారు.

బయటికెళ్ళి ఈ సదుపాయం గురించి ఒక్క స్నేహితుడికి, అదీ రహస్యంగా చెప్పారు. ఇక మేడమెట్లు అరిగిపోయాయి. వంతెన కట్టిన ముసలి కాంట్రాక్టరు ఒకప్పుడు ఉత్సాహంలో, ఇసుక కాస్త ఎక్కువ కలిపామని చెప్పేసి ఉన్నాడు. ఇప్పుడొచ్చి, తప్పు ఇసుకది కాదు, నదిదని సవరించాడు. వరదప్పుడు పురపాలక సంఘం అధ్యక్షులవారి తండ్రి పెళ్ళాన్ని కింద వదిలేసి గ్రంథాలయం కప్పు మీదికి అందరికన్నా ముందు ఎక్కేశాడని క్షౌరం చేసే ముసలాయన తన క్యాసెట్టులో చెప్పి ఉన్నాడు. ఆ కుటుంబం మొత్తం వచ్చి, ఆయన ఎక్కింది పారిపోవడానికి కాదు, ఇంకెవరు మునుగుతున్నారో చూడ్డానికని రికార్డు చేయించింది. విన్న ముసలాయన ఆ సవరణకు సవరణ చెప్పడానికి కర్ర పట్టుకుని వచ్చాడు.

అధికారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆయన ఉద్యోగ జీవితంలో చరిత్ర అంత వేగంగా ఎప్పుడూ పెరగలేదు. బీరువాలు నిండిపోయాయి. అప్పుడొక ఆజ్ఞ వేశాడు: సవరించాక పాతవి తప్పుల కిందే లెక్క, తప్పులకు బీరువా ఎందుకు, వాటిని మెట్ల కింద పడెయ్యండి. మెట్ల కింద ఫినాయిలు డబ్బాలు, విరిగిన కుర్చీలు ఉంటాయి. పై ట్యాంకు పొంగితే నీళ్ళన్నీ అక్కడికే కారతాయి.

ఆ సాయంత్రం వదిన మాట్లాడకుండా అన్నం తింది. అమ్మ హడలిపోయి నుదురు పట్టి చూసింది.

మర్నాడు వదిన అధికారి ఎదుట నిలబడింది. "తప్పేదో వినకపోతే సవరణ దేనికో ఎలా తెలుస్తుంది సార్?"

అయితే ఏం చేద్దామని ఆయన అడిగాడు. పాత ప్రసంగం ముందు, సవరణ వెనక, రెండూ ఒకే క్యాసెట్టులోకి ఎక్కిస్తే చోటు కలిసొస్తుందని వదిన చెప్పింది. చరిత్ర సంగతెలా ఉన్నా చోటు కలిసిరావడం ఆయనకు నచ్చింది. సంతకం పెట్టాడు. వదిన తిండీ నిద్రా పక్కనపెట్టి అదే పనిలో పడింది.

వీధికి పేరు పెట్టే రోజొచ్చింది. వీధి మొదట్లో వేదిక, గుడ్డ కప్పిన పేరుపలక. సవరించినదే వెయ్యాలి సుమా అని రచయితగారు ముందే హెచ్చరించడంతో, అధికారి ఆ క్యాసెట్టు స్వయంగా తెచ్చి మైకువాడి చేతిలో పెట్టాడు. లోపల ఏముందో వినే అలవాటు ఆయనకు ఎలాగూ లేదు.

ముందు వదిన పడుచుగొంతు. ఆ వెనక కుర్రాడి గొంతు, మంచి పదునుమీద. "ఆ వీధిలో అడుగు పెట్టను" అని వీధంతా మోగేసరికి రచయితగారు సరిగ్గా ఆ వీధి నడిమధ్యన నిలబడి ఉన్నారు. నవ్వు వెనక వరుసల్లో పుట్టి ముందుకు పాకింది. అధికారి పరుగున వెళ్ళి, ముందుకు తిప్పవయ్యా అన్నాడు. మైకువాడు తిప్పాడు. అది దున్నపోతు దగ్గర ఆగింది.

రచయితగారు తేలు కుట్టిన దొంగలా నిలబడి, చివరికి గుడ్డ తానే లాగేసి ఇంటికెళ్ళిపోయారు. కొన్నాళ్ళు పెరటి గుమ్మంలోంచే రాకపోకలు సాగించారు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు.

వదినకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉత్తర్వు మీద మీ సంతకమే ఉంది సార్ అని జవాబు రాసింది. దాంతో ఆవిణ్ణి కింద పత్రికల గదికి మార్చారు. అక్కడ నిశ్శబ్దం పాటించాలి. నెల తిరక్కుండానే పాఠకులందరూ కలిసి, ఆవిణ్ణి దయచేసి మళ్ళీ మేడ మీదికి పంపండని అర్జీ పెట్టారు. పంపేశారు. ఈలోగా సవరణలు చేయించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మా సవరణ వెనక్కిచ్చెయ్యండని బతిమాలడం మొదలెట్టారు. వదిన ఎవరికీ ఇవ్వలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రచయితగారి భార్య వచ్చింది. అంతవరకూ ఆవిణ్ణి ఆ మేడ మీద ఎవరూ చూడలేదు. పాత ప్రసంగం ఒక్కటే చాలంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అరగంటా విని హెడ్‌ఫోన్లు తీసింది.

"నేను పెళ్ళి చేసుకున్నది ఇతన్నేనమ్మా. మధ్యలో ఏ స్టాపులో దిగిపోయాడో చూసుకోలేదు" అంది.

వదిన కొత్త క్యాసెట్టు తీసి, మీరేమైనా చెప్తారా అని అడిగింది. ఆవిడ తన గురించా అని ఆశ్చర్యపోయి, ఇవాళ కాదు, గురువారం వస్తానంది. వచ్చింది. చిన్నప్పుడు చదివిన బడి, వరదలో పక్కింటి పసివాణ్ణి భుజాన వేసుకుని ఈదిన సంగతి, తను నడిపి మూసేసిన కుట్టుదుకాణం, అందులో పనిచేసిన ఆడవాళ్ళు. ఆ తర్వాత గురువారం గురువారం వస్తూనే ఉంది. ఇప్పుడు ఒక అర నిండా ఆవిడవే.

ఈమధ్య రచయితగారు కూడా మేడెక్కారు. తన భార్య చెప్పినవాటిలో తన గురించి ఏముందని వదినను అడిగారట. చాలా తక్కువ ఉంది గురువుగారూ అందట వదిన. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, తక్కువంటే ఎంత తక్కువ అని అడిగారట.