గయ్యాళి గొంతమ్మ చెప్పనన్న మాట

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ గయ్యాళి గొంతమ్మ అనేవారు. మనిషి మాత్రం మెతక. కొట్టువాడు పుచ్చు వంకాయలు వేసినా మారు మాట్లాడకుండా తెచ్చుకునే రకం. ఆదివారం చర్చిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పేది. మిగతా ఆరు రోజులూ మైకు ముందు నిలబడి వాటిని ఒక్కొక్కటే మీరేది.

ఆరేళ్లుగా ఒక టీవీ సీరియల్లో పెద్దకోడలి పాత్రకు గొంతు ఆమెదే. ఆ పెద్దకోడలు అబద్ధాలాడింది, వీలునామా మార్చింది, మామగారి మందులో విషం కలిపింది. "చర్చికెళ్లేదానివి, ఇవన్నీ నోటితో ఎలా అంటున్నావమ్మా?" అని ఆడపడుచు అడిగితే, "చర్చి నాటకంలో సాతాను వేషం కూడా విశ్వాసే వేస్తాడు కదా వదినా" అనేది.

ఇంతలో జనానికి పెద్దకోడలే నచ్చుతోందని తేలింది. రచయితలు ఆమెను కథానాయికను చేశారు. చేసే పనులు మారలేదు. వెనక వినిపించే సంగీతం మారింది. ఒక బుధవారం వచ్చిన కాగితంలో, చనిపోయిన మామగారి ఫొటో ముందు పెద్దకోడలు అనాల్సిన మాట ఇది: "తప్పూ ఒప్పూ పైనుంచి దిగిరావు. నా మనసుకు హాయిగా ఉన్నదే ఒప్పు."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకు తగిలించింది. "ఇది నేను చెప్పలేను సార్."

అద్దం అవతలి నుంచి డబ్బింగ్ ఇన్‌చార్జి తల ఎత్తాడు. "అదేంటమ్మా? విషం కలిపినప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్పారుగా."

"అప్పుడు విషాన్ని విషమనే అన్నారు సార్. ఇప్పుడు మందంటున్నారు."

"అది పాత్ర మాట. మీ మాట కాదు కదా."

"పాత్ర మాటైతే కథలో ఎవరో ఒకరు కాదనాలి. ఇక్కడ కాదనేవాళ్లే లేరు. పైగా వెనక వేణువు సంగీతం పెట్టారు."

ఇన్‌చార్జి మంచివాడు. ఒక ఉపాయం చెప్పాడు. "గొంతు పట్టేసిందని పైవాళ్లకు చెప్తాను. ఈ ఒక్క మాటా వేరే అమ్మాయి చెప్తుంది. రేపటి నుంచి మామూలే."

"గొంతు బాగానే ఉంది సార్."

"నాకూ తెలుసమ్మా."

"మరి పట్టేసిందని ఎలా చెప్తారు?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. చివరికి పైవాళ్లకు ఉన్నదున్నట్టే చెప్పాడు. సాయంత్రానికి ఆ పాత్ర ఆమె చేతిలోంచి పోయింది.

ఆ ఆదివారం పాస్టరుగారు ఆమెను నిలబెట్టి, "మన సహోదరి దేవుని కోసం సీరియళ్లను వదిలేసింది" అని సంఘానికి చెప్పారు.

"నేను వదల్లేదు పాస్టరుగారూ. వాళ్లే తీసేశారు" అంది ఆమె. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

వారం తర్వాత భర్తే టీవీ పెట్టాడు. పెద్దకోడలి నోట్లోంచి కొత్త గొంతు వచ్చింది. ఇద్దరూ ఆఖరిదాకా విన్నారు.

"ఎలా ఉంది?" అన్నాడు.

బాగోలేదని అనాలనే ఉంది ఆమెకు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "నాకంటే బాగా చెప్పింది" అని వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఏడ్చింది.

మూడు నెలలకు పిల్లల కార్టూన్లో నక్క గొంతుకు పిలుపొచ్చింది. నక్క దొంగ. ఆ దొంగతనాన్ని కథలో ఏమంటారని ఆమె ముందే అడిగింది. దొంగతనమే అంటామన్నారు. మర్నాడే వెళ్లి చేరింది. మొదటి రోజే పదకొండు కోళ్లను ఎత్తుకెళ్లి, సాయంత్రం బస్సులో ఇంటికొచ్చింది.