హూమ్ గారి రంగు పెన్సిళ్లు

మా ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరం హూమ్ గారనే పిలిచేవాళ్లం. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే సార్. ఆ పేరు పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు పేజీ ఏది చేతికొచ్చినా, అందులో హూ ఎక్కడుందో వెతికి, దాని తోకకి ఎర్ర సిరాతో ఒక ఎమ్ తగిలిస్తే గానీ ఆయనకి టీ గొంతు దిగేది కాదు.

"ఎవరు వచ్చారు అంటే హూ. ఎవరిని పిలిచారు అంటే హూమ్. తెలుగులో ఈ తేడా మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు కదమ్మా. ఇంగ్లీషు రాసేవాళ్లకి ఏం రోగం?" అని నా బైండింగ్ బల్ల దగ్గరికొచ్చి మరీ చెప్పేవారు. నాకు అట్టలు అంటించడం వచ్చుగానీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా తలూపేదాన్ని. ఊపకపోతే అదో అనుమానం.

అనుమానం ఆయన ఒంట్లోనే ఉండేది. తన టిఫిన్ డబ్బాని ఎవరైనా ముట్టుకుంటున్నారేమోనని మూతకి దారం చుట్టి ముడి వేసేవారు. యజమాని గడియారం ముల్లు వెనక్కి తిప్పి ఎక్కువసేపు పని చేయిస్తున్నారని, రోజుకి నాలుగుసార్లు గోడ గడియారాన్ని తన చేతి గడియారంతో సరిచూసుకునేవారు. ప్రెస్ మొత్తంలో ఆయన అనుమానించని మనిషి, ప్రూఫుల గదిలో ఆయన పక్కన కూర్చునే అక్క ఒక్కతే. ఆవిడకి తన డబ్బాలోంచి తీసి పెట్టేవారు కూడా.

అక్క పని చదవడం. ప్రూఫుల గదికీ నా గదికీ మధ్య చెక్క అడ్డుగోడ ఒక్కటే కాబట్టి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆవిడ గొంతు నాకు వినబడుతూనే ఉండేది. రచయిత రాసిచ్చిన ప్రతిని ఆవిడ పైకి చదివేది, ఆయన ప్రూఫు మీద వేలు కదుపుతూ వినేవారు. "పెద్ద అక్షరం... కామా... ఫుల్‌స్టాప్... కొత్త పేరా, అన్నయ్యగారూ." "ఆగు చెల్లెమ్మా, ఆగు." పద్ధెనిమిదేళ్లు ఇదే పాట.

కిందటేడు ఆయన దిద్దుళ్లు నచ్చక, పుస్తకాలు వేయించుకునే రెండు పార్టీలు వేరే ప్రెస్‌కి వెళ్లిపోయాయి. యజమాని ఒకరోజు ప్రూఫుల గది గుమ్మంలో నిలబడి, "సార్, మీరంటే నాకు గౌరవమే. కానీ ఇంకొక్క పార్టీ పోయిందంటే మిమ్మల్ని ఇంటికి పంపించక తప్పదు" అన్నారు. రిటైరవడానికి ఆయనకింకా రెండేళ్లుంది. భార్యకి కళ్లు సరిగా కనబడవు, ఇంట్లో సంపాదించేవాళ్లు మరొకరు లేరు. ఆ రోజు ఆయన డబ్బా ముడి విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్లారు.

ఆ తర్వాతే ఒక మాస్టారి ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం పని మాకొచ్చింది. మొదటి ఫారాలు, అంటే కొన్నేసి పేజీలు కలిపి వేసే పెద్ద కాగితాలు, అచ్చై మడతకి నా దగ్గరికొచ్చాయి. హూమ్ గారు చూడటానికొచ్చి ఒకటి తీసుకుని చదివారు. మొహం ఎర్రబడింది.

"నా ఎమ్‌లు ఎవరు పీకేశారు?"

పేజీ అంతా హూలు తోకల్లేకుండా నిలబడి ఉన్నాయి.

ఇక చూడండి మా తిప్పలు. ముందు కంప్యూటర్ ఆపరేటర్ మీద పడ్డారు. ఆమె తిరగబడింది. "నాకు గుర్తులు తప్ప ఇంకేం తెలీదు సార్. దిద్దమంటే దిద్దుతాను, కింద చుక్కలుంటే వదిలేస్తాను."

చుక్కలంటే మా పనిలో ఒక గుర్తు. దిద్దిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, దిద్దుబాటు వద్దు, ముందు ఉన్నట్టే ఉంచమని అర్థం. చుక్కలు తను పెట్టలేదన్నారు హూమ్ గారు. పని అయిపోయిన ప్రూఫులన్నీ పుస్తకాల వీపుకి అంటించడానికి నా చిత్తు కాగితాల గుట్టలోకే వస్తాయి. ఆయన ఆ గుట్ట ముందు కూర్చుని ఒక పూటంతా వెతికారు. దొరికాయి. ప్రతి ఎర్ర ఎమ్ కిందా సన్నగా పెన్సిలు చుక్కలు. తల తిప్పి నా చెవి వెనకనున్న పెన్సిలు చూశారు. నాకు ఒళ్లు మండింది.

"నేను ఇంగ్లీషు దిద్దేదాన్నైతే ఈ జిగురు గిన్నె దగ్గర ఎందుకుంటాను సార్?"

"నేనేం అనలేదే" అన్నారు. అనకుండా అనడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

మర్నాడు ఆయనకి ఎక్కడలేని ఉదారం పుట్టుకొచ్చింది. నాకో ఆకుపచ్చ పెన్సిలు ఇచ్చారు. ఆపరేటర్‌కి నీలం. యజమానికి వంగపండు రంగుది. "నల్లవి నాసిరకం వస్తున్నాయి" అంటూ మా పాతవన్నీ పోగుచేసుకుపోయారు. ఇవ్వడం చేతకాని మనిషి ఇస్తున్నాడంటే ఏదో ఉందని నాకు తెలుసు, కానీ పెన్సిలు బావుంది, ఉంచుకున్నాను. అక్కకి మాత్రం ఇవ్వలేదు. ఆవిడ మీద అనుమానమే లేదు మరి.

నాలుగోరోజు కొత్త ప్రూఫు నా గుట్టలో పడీ పడకముందే వచ్చి తీశారు. చుక్కలున్నాయి. నల్లగా.

ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయారో. నల్ల పెన్సిళ్లు మిగిలింది ఇద్దరి దగ్గరే. ఒకటి ఆయన జేబులో ఉంది. అడ్డుగోడ అవతల అక్క ఏదో కూనిరాగం తీస్తోంది. ఆయన ఆ గదిలోకి వెళ్లలేదు. నేరుగా యజమాని గదిలోకి వెళ్లారు.

అట్టల నమూనా చూపించే నెపంతో నేనూ వెళ్లాను. యజమాని అక్కని పిలిపించి, "ఈ చుక్కలు నువ్వే పెట్టావా?" అనడిగారు.

"పెట్టాను."

"ఎందుకు?"

అక్క నోరు మెదపలేదు. హూమ్ గారి వైపు చూసింది. ఆయన గోడ గడియారాన్ని చూస్తున్నారు. ఒక జీతం తగ్గుతుందంటే యజమానికి కావలసిందేముంది, ఆ పూటే పంపించేశారు. వెళ్లేటప్పుడు అక్క నా బల్ల మీద చెయ్యి వేసి, "వస్తానే" అంది. నేనూ ఆవిడ్ని అనుమానించాను. మనసులో ఏదో ఉంచుకుని ఇన్నాళ్లూ నటించిందనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదిరోజులకి ఆవిడ సొరుగు ఖాళీ చేసి, కాగితాలన్నీ నా గుట్టలోకే తెచ్చి పోశారు. ఒక వీపుకి అంటిద్దామని తీస్తే చేతికి ఉత్తరాలొచ్చాయి, మూడు. రచయితల నుంచి వచ్చే కవర్లు విప్పేది ఎప్పుడూ అక్కే. వ్యాకరణం మాస్టారు తెలుగులోనే రాశారు.

"మీరు పంపిన మొదటి ప్రూఫులో మీ ప్రూఫ్‌రీడరు నా వాక్యాలన్నీ మార్చేశారు. ప్రశ్న మొదట్లో ఇప్పుడు అందరూ హూ అనే అంటున్నారు, అది తప్పు కాదు, టు లాంటి మాట ముందుంటే మాత్రం హూమ్ అనాలి అని పిల్లలకి చెప్పడమే నా పాఠం. ఆ పాఠంలోని ఉదాహరణల్నే దిద్దేస్తే ఎలా? మళ్లీ జరిగితే పుస్తకం వెనక్కి తీసుకుంటాను. ఎందుకు తీసుకున్నానో మీ యజమానికి రాస్తాను."

ఆఖరి ఉత్తరం వెనక అక్క తన జవాబుకి చిత్తు రాసుకుంది. నల్ల పెన్సిలుతో. "ఆయన చాలా పెద్దమనిషి, దయచేసి యజమానికి రాయకండి. ఇకమీదట జరగదు. పూచీ నాది."

యజమాని ఎందుకని అడిగినప్పుడు ఆవిడ ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు తెలిసింది. చెప్పుంటే ఇంటికి వెళ్లేది ఆవిడ కాదు.

ఉత్తరాలు తీసుకెళ్లి హూమ్ గారి బల్ల మీద పెట్టాను. మూడుసార్లు చదివారు. ఎర్ర కలం ముట్టుకోలేదు. "ఎక్కడుంది?" అన్నారు.

రెండు వీధుల అవతల, నోటు పుస్తకాలు అమ్మే కొట్లో పనికి కుదిరింది. నేనే తీసుకెళ్లాను. వరసలో నలుగురి వెనక నిలబడ్డాం. మా వంతు వచ్చింది.

"ఏం కావాలి సార్?" అంది అక్క.

పద్ధెనిమిదేళ్లు అన్నయ్యగారూ అన్న నోరు. ఆయన ఉత్తరాలు బల్ల మీద పెట్టారు. అక్క చూసి మళ్లీ ఆయన వైపు తోసింది.

"చుక్కలు పెట్టింది నేనే సార్. మీరు చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు. కానీ అందరికీ రంగు పెన్సిళ్లిచ్చి అంత పరీక్ష పెట్టారే, పక్కనే కూర్చున్నదాన్ని, నన్ను ఒక్కమాట అడగొచ్చుగా?"

ఆయన ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "యజమానికి అంతా చెప్పేస్తాను చెల్లెమ్మా" అన్నారు.

"చెబితే మీ ఉద్యోగం పోతుంది. మరి నేను బయటికొచ్చింది దేనికి? వెనక జనం ఉన్నారు సార్, ఏం కావాలో చెప్పండి."

"ఒక నల్ల పెన్సిలు" అన్నారాయన.

ఆయన యజమానికి చెప్పలేదు. చెబుతారేమోనని నేను వారం రోజులు చూశాను, తర్వాత ఆయనతో మాట మానేశాను. ఇప్పుడు ప్రతీ ప్రూఫూ ఆయన ఒక్కరే చూసుకుంటారు. వ్యాకరణం పుస్తకం పూర్తయింది, ఒక్క ఎమ్ కూడా ఎక్కువ పడలేదు. డబ్బాకి దారం కట్టడం మానేశారు.

నిన్న అడ్డుగోడ అవతల నుంచి ఆయన గొంతు వినబడింది. తనే పైకి చదువుకుంటున్నారు. "పెద్ద అక్షరం... కామా... ఫుల్‌స్టాప్..." ఉన్నట్టుండి, "ఆగు చెల్లెమ్మా" అన్నారు. చదవడం ఆపేశారు. నేను చేతిలో అట్ట పక్కన పెట్టి, మళ్లీ ఎప్పుడు చదువుతారా అని అలాగే కూర్చున్నాను.