నల్ల పంచె సాక్ష్యం

ఈ ఉదయం బట్టలు తియ్యడానికి మేడమీదికి పోతే మా తీగ మీద ఎవరిదో నల్ల పంచె ఆరేసి ఉంది. పై వాటాలో కొత్తగా దిగినవాళ్ళదై ఉంటుంది. దాని రంగు దిగి పక్కనున్న నా తెల్లచీర అంచుకి అంటుకుంది. వేరే రోజైతే మెట్ల మీదే నిలబడి నాలుగు దులిపి ఉండేదాన్ని, నా నోటి సంగతి ఈ వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ తడి నల్లబట్ట వాసన తగిలేసరికి నాలుగేళ్ళ కిందటి కార్తీకం, మా తమ్ముడి కూతురి విచారణ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి గొడవ మాటే మర్చిపోయాను. చీరను మళ్ళీ సబ్బునీళ్ళలో వేసి అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

ఈ తమిళ ఊళ్ళో, రాయపురంలో, మాది ఒక ముందుగది, ఒక వంటగది ఉన్న చిన్న వాటా. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. గాలి వీస్తే హార్బరు చేపల వాసన, వీయకపోతే మురుక్కాలవ వాసన, రెంటిలో ఏది మేలో ముప్పైయేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. కార్పొరేషన్ బడిలో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరై, మా అమ్మతో అక్కడే ఉంటున్నాను. మా తమ్ముడు అంబత్తూరులో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీ స్టోర్సులో పని చేస్తాడు. వాడికి ఒక్కతే కూతురు. ఊరి చివర ఒక యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతూ హాస్టల్లో ఉండేది. ఒక మధ్యాహ్నం మెస్సులో సాంబారన్నంలో తెల్లపురుగు కదిలితే ఫోనులో వీడియో తీసి అందరికీ పంపింది. సాయంత్రానికి అది ఊరంతా పాకింది. యూనివర్సిటీ పరువు తీసిందని దాని మీద విచారణ పెట్టి, అది ముగిసేదాకా హాస్టల్లో అడుగు పెట్టొద్దన్నారు. సొంత ఇంటికి పోదామంటే మా తమ్ముడు ప్రతి ఏడూ లాగే అయ్యప్ప మాల వేసుకుని ఉన్నాడు. ఆ ఇంట్లో నిష్ఠ ఎక్కువ, మాల వేసుకున్న మనిషి ఉంటే నెలలో కొన్ని రోజులు ఆడపిల్ల వేరే ఇంటికి పోవాల్సిందే, మధ్యలో అటూ ఇటూ తిరగడం దానికి ఇష్టం లేదు. అటు గేటూ, ఇటు గడపా మూసుకుపోయి, పిల్ల ఒక సంచితో మా ముందుగదికి వచ్చి పడింది. బయట చూస్తే వాన వదలకుండా కురుస్తోంది, వీధిలో మోకాటిలోతు నీళ్ళు. గోడకేసి చూస్తూ అలా కూర్చునే ఉండేది. దాన్ని చూస్తుంటే నాకే ఊపిరాడేది కాదు.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడంత మెత్తని మనిషిని నేను చూడలేదు, మెత్తదనం కూడా ఒక హద్దులో ఉంటేనే అందం. ఎవరు ఏమన్నా ముందు చేతులు కట్టుకుని ‘తప్పయిపోయింది సార్’ అంటాడు, తప్పేమిటో తర్వాత అడుగుతాడు. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే క్షమాపణ చెప్పడం నా కళ్ళతో చూశాను. స్టోర్సులో సరుకు తగ్గినా, గోడౌను కారినా, వాన పడినా ముందుగా వాడి నోటి నుంచి వచ్చే మాట అదే. ఇన్నేళ్ళు ఉద్యోగం నిలిచింది దానివల్లేనని వాడి నమ్మకం. మాల వేసుకున్న రోజుల్లో మాత్రం వాడికి మర్యాద దక్కేది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టి లెక్కలు నేర్పిన నేనే వాణ్ణి ‘సామీ’ అని పిలవాలి. వాడు ఆడవాళ్ళందరినీ, కన్నకూతుర్ని కూడా, ‘మాతా’ అనాలి. కూతురు మాత్రం సామి అనేది కాదు. ఆ రోజుల్లో ఇల్లు వదిలి పోవాల్సి వస్తుందన్న కోపంతో మొండిగా ‘నాయనా’ అనే పిలిచేది.

విచారణకి వారం ముందు దాని డిపార్టుమెంటు హెడ్డు మా తమ్ముడికి ఫోను చేశాడు. పాపం, మేలు చేద్దామనే చేశాడు. పురుగును తనే అన్నంలో వేసి సరదాకి వీడియో తీశానని అమ్మాయి ఒప్పుకోవాలి, అవును, నాతోనూ అదే చెప్పిందని తండ్రి అనాలి. అలా చేస్తే మందలించి వదిలేస్తారు. లేదంటే ఒక ఏడాది పరీక్షలకు రానివ్వరు. చదువు అవగానే చేరమని ఒక కంపెనీ అప్పటికే మాట ఇచ్చి ఉంది, అది కూడా పోతుంది. పిల్ల మొదట ససేమిరా అంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు వాళ్ళ నాయన వచ్చి మా గుమ్మంలో తడిసిన కాళ్ళతో నిలబడి, ఏమీ అడక్కుండా దాని మొహం చూసి తిరిగి పోయాడు. వాడు వెళ్ళాక పిల్ల నా దగ్గరికి వచ్చి, “సరి అత్తా, చెప్తాను. ఎట్టా చెప్పాలో నేర్పించు” అంది.

నేర్పించాను. పిల్లలకు పద్యాలు అప్పజెప్పించిన దాన్ని, నాకు ఇదొక లెక్కా? మంచం మీద నేను విచారణ కమిటీ చైర్మన్ని, పక్కన చాటలో బియ్యం చెరుగుతూ మా అమ్మ కమిటీ మెంబరు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తల దించాలి, ఏ మాట దగ్గర గొంతు సన్నం చెయ్యాలి, అన్నీ చెప్పాను. రెండు మూడు రోజులకే అది ఎంత బాగా చెప్పడం మొదలుపెట్టిందంటే, చెయ్యని తప్పుకి దాని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగేవి. అయినా మళ్ళీ చెప్పమనేదాన్ని. మెంబరు మాత్రం మాకు సహకరించేది కాదు. చైర్మన్ని నేనుండగా మధ్యలో చాట ఆపి, “పురుగు నిజంగా ఉండిందా లేదా?” అని అడిగేది. ఉంది నాయనమ్మా అని పిల్ల అంటే, “ఉంటే పురుగును ఏరి పారెయ్యాల. బిడ్డను ఏరి పారేస్తారా యాడన్నా?” అనేది. నువ్వూరుకో అని కసిరేదాన్ని.

చిక్కు పిల్ల దగ్గర కాదు, వాళ్ళ నాయన దగ్గర వచ్చింది. చివరి రోజు వాణ్ణి కూడా నిలబెట్టి అప్పజెప్పించబోతే, ఎప్పుడూ దేనికీ అడ్డం చెప్పనివాడు నేల చూస్తూ, “అక్కా, మాలలో ఉండి అబద్ధం ఆడకూడదు కదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో చావొస్తే మాల తీస్తారు కదా, బిడ్డ చదువు చచ్చిపోతే తియ్యకూడదా, ఈ సాయంత్రమే గురుసామి దగ్గరికి పోయి తీయించుకుని రా అని చెడామడా తిట్టాను. సామి అని పిలవడం కూడా మర్చిపోయాను. వాడు ఎప్పటిలాగే అట్టాగే అక్కా అని తలూపి వానలో పోయాడు. వాడి అట్టాగే మీద నాకు నమ్మకమే.

పొద్దున్నే వాడు వస్తే చూద్దును కదా, అదే నల్లపంచె, మెళ్ళో అదే మాల, చెప్పుల్లేని కాళ్ళు. పిల్ల ముందు గొడవెందుకని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ముగ్గురమూ యూనివర్సిటీకి పోయాము. అక్కడ ఒక పొడుగాటి బల్లకి అటువైపు కమిటీ, ఇటువైపు మేము. లోకల్ గార్డియన్‌గా సంతకం చేసిన పాపానికి నన్నూ లోపలికి పిలిచారు. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి, నాకు గుర్తుండిపోయినవి మాత్రం మన మాటలోనే గుర్తున్నాయి. పిల్ల నేర్పినట్టే చెప్పింది. ఆగమన్నచోట ఆగింది, దించమన్నచోట తల దించింది. చైర్మన్ ఊపిరి పీల్చుకుని, మా తమ్ముడి వైపు తిరిగి, మెళ్ళో మాల చూసి గొంతు తగ్గించాడు. “సామీ, అమ్మాయి మీతో కూడా ఇదే చెప్పిందా?” అని అడిగాడు.

మా తమ్ముడు లేచి చేతులు జోడించాడు. ఇక వచ్చేది ఆ పాత మాటేనని అనుకున్నాను. వస్తే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

“లేదు సామీ. అన్నంలో పురుగు ఉండిందని మాత ఆ పొద్దే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు చెప్పింది నా కోసరం చెప్పింది” అన్నాడు.

పిల్ల తల ఎత్తి వాళ్ళ నాయనను చూసింది. తర్వాత మమ్మల్ని బయట కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచి, ఏడాది పాటు పరీక్షలకు రాకూడదని తేల్చేశారు. సినిమాల్లోలా ఎవరి మనసూ కరగలేదు. బయటికి వచ్చాక నాకు వాణ్ణి పట్టుకుని కొట్టాలనిపించింది, నష్టపోయింది నా కూతురైతే కొట్టేదాన్నేమో. గేటు దాటాక వాడు నీళ్ళలో ఆగిపోయి, చేతులు కట్టుకుని, ఫ్యాక్టరీలో మేనేజరు ముందు నిలబడినట్టు కూతురి ముందు నిలబడ్డాడు.

“తప్పయిపోయింది మాతా” అన్నాడు.

పిల్ల వాడి చెప్పుల్లేని కాళ్ళకేసి చూసింది. వారం రోజులుగా నేను నేర్పిన ఏడుపు కాకుండా దాని సొంత ఏడుపు అప్పుడొచ్చింది. కళ్ళు తుడుచుకుని, “దారిలో గాజుపెంకులు ఉంటాయి, చూసి నడువు సామీ” అంది. ఆ పిలుపు దాని నోట వినడం అదే మొదటిసారి. వాడు మంచిదన్నట్టు తలూపి, ముందు నడుస్తున్న దాని వెనకే జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చాడు.

కంపెనీ మాట పోయింది. పిల్ల, నాయన మాల తీశాక కూడా ఇంటికి పోకుండా, ఆ ఏడాదంతా మా ముందుగదిలో ఆ గోడనే చూస్తూ గడిపింది, కొన్ని రోజులు నాతో కూడా మాట్లాడేది కాదు. మరుసటి ఏడు పరీక్షలు రాసి, చిన్న ఉద్యోగంలో చేరి, ఇప్పుడు కాస్త పెద్దదానిలో ఉంది. మా బంధువుల్లో ఎవరిని అడిగినా పాపం, ఆ పిల్లకి ఒక ఏడాది దండగైపోయిందంటారు. నేనూ అంటూ ఉంటాను. కానీ చీర అంచు ఎంత రుద్దినా ఆ నల్లమరక పోకపోతే ఇందాక అనిపించింది, నా బతుకులో సుఖంగా గడిచిన ఏళ్ళన్నీ ఎటు పోయాయో గుర్తే లేదు, దండగైందన్న ఆ ఒక్క ఏడాదే ఇంకా నా దగ్గర ఉంది.