మాస్టారి మాట ఆగినప్పుడు

మధ్యాహ్నం గన్నవరంలో విమానం దిగాం. సన్నగా వాన పడుతోంది. రబ్బరు పడవలు, లైఫ్ జాకెట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు మా సామాను. ఆర్డరు ఒకటే: వరదలో చిక్కుకున్నవాళ్లను బయటికి తేవాలి. నేను సిగ్నల్స్ హవల్దారును. సెట్టు మోయడం, చెడితే బాగుచేయడం నా పని. జట్టులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాది గుణదల. సొంత ఊళ్లోకి పడవ మీద డ్యూటీకి వస్తానని ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున ఒక వీధి మలుపులో, తెగిపడిన కేబుల్ వైరు మా పడవను నడిపే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను బిగుసుకుపోయింది. ప్రవాహం మమ్మల్ని ఒక అపార్ట్‌మెంటు గోడకేసి కొట్టింది. సుబేదార్ సాబ్, పడవ డ్రైవరు, నేను మెట్ల రెయిలింగుకు తాడు కట్టి పైకెక్కాం.

"రెండో పడవ వేరే కాలనీలో ఉంది. వచ్చేదాకా అక్కడే ఉండండి, ఓవర్," అంది కంట్రోల్ రూము.

కాపాడటానికి వచ్చి మేమే ఇరుక్కున్నాం. కింద గోధుమరంగు నీళ్లు మెట్టు తర్వాత మెట్టు మింగుతున్నాయి.

మొదటి అంతస్తులో తలుపు తెరిచినావిడ తిండి అడగలేదు, పడవ అడగలేదు.

"బాబూ, మీలో ఎవరికైనా కంప్యూటర్ల పని తెలుసా?" అంది.

లోపల కిటికీ పక్కన మంచం మీద ఆవిడ భర్త ఉన్నారు. లెక్కల మాస్టారు. కండరాల జబ్బుతో ఒళ్లంతా పడిపోయింది. కళ్లు మాత్రమే కదులుతాయి. లాప్‌టాప్ తెర మీద ఆయన ఏ అక్షరం కేసి చూస్తే ఆ అక్షరం పడుతుంది. మాట పూర్తయితే లాప్‌టాప్ పైకి చదువుతుంది. ముందురోజు కిటికీలోంచి కొట్టిన జల్లుకు అది తడిసింది. అప్పటి నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

"మంచినీళ్లా, నొప్పా, నీళ్లు పెరుగుతున్నాయని భయమా, అన్నీ అడిగానండీ. అన్నిటికీ కాదంటూ రెప్పలు కొడుతున్నారు. అసలు అడగాల్సినదేదో నాకు తట్టడం లేదు."

మాస్టారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కిటికీకీ మాకూ మధ్య పరుగులు పెడుతున్నాయి.

ఆవిడ మాటలు హిందీలో చెప్పాను. "చూడు ఆపరేటర్," అన్నారు సుబేదార్ సాబ్. "ఎలాగూ కదల్లేం."

మా సెట్టు బ్యాటరీకి చిన్న ఇన్వర్టరు తగిలించి ఛార్జరు పెట్టాను. లైటు వెలగలేదు. ఛార్జరు పిన్ను దగ్గర మీటరు పెట్టి చూశాను. కరెంటు సరిగ్గానే వస్తోంది. అంటే రోగం లోపలుంది. వెనక మూత విప్పి ముందుగా బ్యాటరీ ప్లగ్గు పీకాను. ఛార్జింగ్ పిన్ను దూరే చోట తడి, పచ్చటి చిలుము. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని స్పిరిట్, ఆవిడ ఇచ్చిన పాత బ్రష్షుతో గీకి, తుడిచి, ఆరబెట్టాను. మళ్లీ బిగించాను. లైటు వెలిగింది. బటన్ నొక్కితే ఫ్యాను గిర్రున తిరిగి ఆగిపోయింది. తెర నల్లగానే ఉంది.

"అయిపోయిందా బాబూ?" అంది ఆవిడ.

"ఇంకొకటి మిగిలిందండీ."

మళ్లీ అన్నీ పీకి, మెమరీ ముక్క తీసి, దాని ఇత్తడి రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది, నొక్కి కూర్చోబెట్టాను. బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. ఆగలేదు. తెర తెల్లబడింది.

ఆవిడ దాన్ని ఆయన ముఖం ముందు నిలబెట్టింది. అక్షరం వెంట అక్షరం పడసాగింది. లాప్‌టాప్ ఏ భావమూ లేని గొంతుతో చదివింది:

"ఎదురు మేడ డాబా గదిలో తల్లీ బిడ్డా. గాలికి తలుపు పడింది. నిన్నటి నుంచి."

ఆవిడ నేల మీద కూలబడింది. "ఇదా మీరు చెప్పాలనుకున్నది! నేనేమో మంచినీళ్లా, మంచినీళ్లా అంటున్నాను..."

సెట్టు అందుకుని కంట్రోల్ రూముకు చెప్పాను.

"ఎదురు మేడ ఖాళీ అని నిన్ననే రిపోర్టు ఉంది, ఓవర్," అంది కంట్రోల్ రూము.

"ఖాళీ కాదు. చూసిన మనిషి నా పక్కనే ఉన్నారు, ఓవర్."

రెండో పడవ ముందుగా అక్కడికే వెళ్లింది. హెలికాప్టర్ పడేసిన పాల ప్యాకెట్ల కోసం ఆ తల్లి బిడ్డను చంకనేసుకుని డాబా ఎక్కిందట. వాన జోరందుకుంటే ట్యాంకు పక్క గదిలో దూరింది. ఇనుప తలుపు పడి బయటి గడియ జారింది. ఎంత అరిచినా నీటి హోరులో ఎవరికీ వినబడలేదు. అందరూ ఎక్కేశారనుకుని నిన్నటి పడవ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మాస్టారిని స్ట్రెచర్ మీద శిబిరానికి చేర్చాం. నీళ్లు తీశాక మా యూనిట్‌కు తిరిగి వెళ్లిపోయాం. తర్వాతి ఏడాది రిటైరయ్యాను. ఇప్పుడు గవర్నర్‌పేటలో చిన్న రిపేరు షాపు నడుపుతున్నాను. వరద సంగతి ఎత్తినవాళ్లు హెలికాప్టర్ల గురించి, పాముల గురించి అడుగుతారు.

నా కళ్ల ముందు నిలిచింది మాత్రం వేరు. ఆ తల్లిని ఎక్కించుకున్న పడవ మేమున్న మెట్ల దగ్గరికి వచ్చింది. "మమ్మల్ని చూసిందెవరండీ?" అని ఆమె అరిచింది. నేను పైనున్న కిటికీ చూపించాను. కింద నుంచి చూస్తే ఇనుప చువ్వలు తప్ప ఏమీ కనబడవు. మాస్టారు లేచి చూడలేరు. అయినా ఆమె ఊగుతున్న పడవలో లేచి నిలబడింది. బిడ్డను రెండు చేతులా ఎత్తి, ఆ చువ్వలకేసి పట్టుకుంది.