చెరకు పక్కన ఎల్లమావాస్య

ఆ ఏడు ఎల్లమావాస్యకు వారం ముందు, గుట్టల కింద ఒక ఊళ్లో చిరుత లేగదూడను ఎత్తుకుపోయింది. ఆ సంగతి మాకు ముందు ఫోన్లోనే తెలిసింది. టార్చి వెలుగులో రెండు కళ్లు మెరిసే వీడియో ఒకటి జహీరాబాద్‌లో అందరి చేతుల్లోనూ తిరిగింది. అది మహారాష్ట్రలో తీసిందని కొందరు, కాదు మొగుడంపల్లి అవతలదేనని కొందరు వాదించుకున్నారు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, "ఇలాంటివి రోజూ వస్తూనే ఉంటాయి, చూడకు" అన్నాడు. చూడకుండా ఉండలేకపోయాను. పాపను పడుకోబెట్టి, వంటింట్లో నిలబడి మళ్లీ మళ్లీ చూశాను.

మాది గోదావరి పక్క. పొలాలంటే నాకు నీళ్లు, గట్లు, కొంగలు. అడవి మృగాలు జంతుప్రదర్శనశాలలో ఉంటాయనే నమ్మకంతో పెరిగినదాన్ని. మేం అద్దెకున్న ఇంటి కింది భాగంలో ఇంటివాళ్లు ఉండేవారు. కర్ణాటక సరిహద్దు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఇంటాయనకు బజారులో కిరాణా కొట్టు, మొగుడంపల్లి దాటాక గుట్టల కింద కొంచెం చేను ఉన్నాయి. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యను పిన్నిగారనీ, ఆయన తల్లిని మామ్మగారనీ పిలిచేదాన్ని. నేను 'మామ్మగారూ' అన్నప్పుడల్లా ఆ ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "అవ్వా అని పిల్వరాదూ, గీ గారెందుకు?" అనేది.

ఆ గుట్టలకు వానాకాలంలో పట్నం నుంచి కార్లేసుకుని జనం వస్తారు. జలపాతం చూసి, ఫోటోలు దిగి, అక్కడి కుటీరాల్లో ఓ రాత్రి ఉండి పోతారు. ఊరివాళ్లకు మాత్రం ఆ గుట్టల కింద అసలు పండగ చలికాలంలో వచ్చే ఎల్లమావాస్యే. ఆ రోజు బజారు సగం మూతపడుతుంది. నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, జొన్న రొట్టెలు, అన్ని పప్పులూ ఆకుకూరలూ కలిపి చేసిన భజ్జి, కుండల్లో అంబలి తీసుకుని, ఇంటిల్లిపాదీ చేలకు పోతారు. జొన్న దంట్లతో చిన్న గుడిసెలా కట్టి, అందులో ఐదు రాళ్లకు సున్నం రాసి పూజ చేస్తారు. తర్వాత చేను చుట్టూ తిరుగుతూ భజ్జి, అంబలి చల్లుతారు. ముందు నడిచేవాళ్లు "ఓలిగో..." అని అరిస్తే, వెనక నడిచేవాళ్లు అందుకుని బదులు అరవాలి. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగితే ఎవరూ ఒక్క తీరుగా చెప్పలేదు. చాలా చేలల్లో మగవాళ్లే చల్లుతారు. ఈ ఇంట్లో మాత్రం అది మామ్మగారి పని. వెనక నడిచి బదులు పలికేది పిన్నిగారు.

ఆ ఏడు పిన్నిగారు మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నారు. పండగ ముందు రోజు మామ్మగారు గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే తడుముకుంటూ పైకి మా వాటాకు వచ్చింది. ఆమె అంతకు ముందు ఎన్నడూ పైకి రాలేదు. రెండు కళ్లలోనూ పొరలు వచ్చి ఉన్నాయి. పండగ అయ్యాక చేయించుకుంటానని ఆపరేషన్‌ను వాయిదా వేసింది.

"రేపు నువ్వు రావాలె బిడ్డా. నా ఎంబడి నడిచెటోళ్లు లేరు" అంది.

"చిరుత తిరుగుతోందంట కదండీ మామ్మగారూ. పాపను తీసుకుని ఎలా రాను?"

"గంత మందిల అదెందుకొస్తది? మా అత్త ఉన్నప్పటి సంది చల్లుతున్న. ఒక్క ఏడు గూడ ఇడువలే. చేను ఎదురు సూస్తుంటది."

కాదనలేకపోయాను. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది. "వెళ్లకపోతే బాగోదు. గుంపులో ఉంటారు కదా, ఏం కాదులే" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా అన్నందుకు నాకు ఇంకా భయం వేసింది.

ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద చాపలు వేసి బయల్దేరాం. బంధువుల పిల్లలు ఓ గుంపు, వాళ్ల మధ్య మా పాప. మొగుడంపల్లి దాటాక గుట్టలు కనిపించడం మొదలుపెట్టాయి. దారి పొడవునా ప్రతి చేలోనూ రంగురంగుల చీరలు, పొయ్యిల పొగ, నవ్వులు. అంత సందడిలోనూ నా కళ్లు పొదల వైపే పోతున్నాయి. నల్లరాయి కనిపించినా, ఎండిన గడ్డి కుప్ప కనిపించినా అదేనేమో అనుకునేదాన్ని.

చేను చేరాక నేను మొదట చూసింది చెరకును. అది పక్కవాళ్ల తోట. ఇంకా కొట్టలేదు. ఇద్దరు మనుషుల ఎత్తున నిలబడి, ఈ చేనుకు ఓ పక్కంతా కమ్ముకుని, అక్కడి నుంచి వంపు తిరిగి మేం చాపలు పరిచిన వేపచెట్టు వెనక దాకా వచ్చింది. లోపల ఏమీ కనపడదు. పట్టపగలు కూడా అందులో చీకటే.

"బాబాయిగారూ, ఆ చెరకు అంత దగ్గరగా ఉందేంటండీ?" అన్నాను.

"ఒక ఏడు ఉంటది, ఒక ఏడు ఉండది. ఫికర్ జెయ్యకమ్మా, గీడ ఇంతమందిమి లేమా?" అన్నారాయన.

పూజ అయింది. పిన్నిగారు కాలు చాపుకుని చెట్టు కింద కూర్చున్నారు. పాపను ఆవిడ దగ్గర వదిలి, "పిన్నిగారూ, దీన్ని ఎక్కడికీ కదలనివ్వకండి" అని చెప్పాను. మామ్మగారు భజ్జి, అంబలి కలిపిన ఇత్తడి గిన్నె నడుముకు ఆనించుకుని ముందు నడిచింది.

"నడుమల ఆగొద్దు. ఎనక్కి సూడొద్దు" అని నాకు చెప్పింది.

జొన్న చేను పక్కగా మొదలుపెట్టాం. ఆమె భజ్జి చల్లుతూ "ఓలిగో..." అని సాగదీసేది. నేను సిగ్గుపడుతూ బదులు పలికేదాన్ని. "గట్టిగ, బిడ్డా! చేనుకు ఇనబడాలె" అని నవ్వింది. నాకూ కొంచెం నవ్వొచ్చింది. అవతలి చేలల్లోంచి కూడా అవే కేకలు వినిపిస్తున్నాయి. కాసేపు భయం మరిచిపోయాను.

చెరకు వైపు తిరిగాం. చేనుకూ చెరకుకూ మధ్య సన్నటి నీటి కాలువ, దాని పక్కన ఒక మనిషి నడిచేంత గట్టు. గాలికి చెరకు ఆకులు గరగరమంటున్నాయి. ఎండిన ఆకుల పసుపు రంగంతా గాలికి కదులుతోంది. అందులో ఒక చోట మాత్రం కదలడం లేదు.

ముందు అది గోనెసంచి అనుకున్నాను. తర్వాత దానికి చెవి ఉందని తెలిసింది. ఆ చెవి ఈగను తోలినట్టు ఒకసారి అదిరింది.

కాలువకు అవతలి ఒడ్డున, చెరకు మొదళ్ల దగ్గర, ముందరి కాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. మమ్మల్నే చూస్తోంది. కోపంగా కాదు. అసలు ఏ భావమూ లేదు ఆ చూపులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మామ్మగారు ఆగలేదు. ఆమెకు కనపడలేదు. గిన్నెలోంచి పిడికెడు తీసి చల్లుతూ తిన్నగా దాని ముందు నుంచే నడుస్తోంది. "ఓలిగో..." అని అరిచింది.

నేను బదులు పలకలేదు. అరిస్తే ఆమె బెదిరి కాలువలో పడుతుంది. పట్టుకుని లాగితే పెనుగులాట అవుతుంది. వెనక్కి పరుగెత్తితే ఆమె ఒక్కతే మిగులుతుంది. ఇవన్నీ వరసగా ఆలోచించానని ఇప్పుడు అంటున్నాను కానీ, అప్పుడు తలలో ఒకటే ఉంది. పాప. చెరకు తిరిగి తిరిగి పాప కూర్చున్న చెట్టు వెనక్కే పోతుంది.

"ఓలిగో!" అని మామ్మగారు మళ్లీ అరిచింది. బదులు రాకపోయేసరికి కోపం వచ్చింది. "ఏమాయె? గొంతు కూసున్నదా? పలుకకుంటె అశుభం బిడ్డా!"

ఆమె ఆగిపోతుందేమోనన్న భయానికి పలికాను. ఆ వచ్చిన గొంతు నాది కాదు. చిరుత తల ఎత్తింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టినట్టుగా నడిపించాను. పక్క నుంచి దాటేటప్పుడు దాని వైపు చూడలేదు. నా కుడి చెంప మాత్రం మంట దగ్గర ఉన్నట్టు కాలిపోయింది. దాటాక ఇప్పుడది వెనక ఉంది. వెనక ఉన్నదాన్ని చూడకుండా నడవడం ఎంత కష్టమో చెప్పలేను. ఆమె చెప్పిన నియమం తప్పి వెనక్కి తిరిగాను.

అక్కడ ఏమీ లేదు. లోపలెక్కడో చెరకు ఆకులు ఊగుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి. వేపచెట్టు వైపు.

"జర మెల్లగ! అంబలి ఒలుకుతుంది! ఏందే నీ తొందర?" అని మామ్మగారు తిడుతూనే ఉంది. ఆమె జబ్బ పట్టుకుని దాదాపు ఎత్తుకున్నట్టే నడిపించాను. చెట్టు దగ్గరికి వచ్చేసరికి పిన్నిగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"పాపేదండీ?"

"గా ట్రాలీ ఎన్క ఆడుకుంటున్రు పిల్లలు. ఏమైంది, ముఖమట్లున్నది?"

ట్రాలీ వెనక, చెరకుకు వీపు పెట్టి, పిల్లలంతా పచ్చి శనగకాయలు ఒలుచుకుంటున్నారు. పాపను ఎత్తి ట్రాలీలో పడేసినంత పని చేశాను. మోకాలు గీసుకుని అది ఏడుపు మొదలుపెట్టింది. మిగతా పిల్లల్ని కూడా ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఎక్కించాను. ఎవరి పిల్లలో చూడలేదు. తర్వాత బాబాయిగారి దగ్గరికి వెళ్లి మెల్లిగా చెప్పాను.

ఆయన నవ్వారు. "కుక్కనో, నక్కనో అయ్యుంటది" అన్నారు. తర్వాత నేను ట్రాలీలో ఎక్కించిన పిల్లల్ని చూశారు. ఇంకేమీ అడగకుండా ట్రాక్టర్ స్టార్టు చేయించారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కట్టెలు పట్టుకుని, పళ్లేలు వాయించుకుంటూ కాలువ దాకా వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు వాయించడం మానేశారు. తడి మట్టిలో అడుగులు ఉన్నాయట. ఒక్కోటి అరచేయంత.

చుట్టుపక్కల చేలవాళ్లకు ఫోన్లు చేశారు. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గుట్టల కింద అంతదాకా వినిపిస్తున్న కేకలూ నవ్వులూ ఒక్కో చేనూ ఆగిపోతూ వచ్చాయి. వాటి చోట ట్రాక్టర్ ఇంజన్లు. తల్లులు పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచే అరుపులు. సగం తిన్న విస్తళ్లు అక్కడే వదిలేసి జనం రోడ్డెక్కారు.

మామ్మగారు మాత్రం ట్రాలీ ఎక్కనంది. "పొద్దుగూకకముందే ఏడికి పోవుడు? గుడిసెల దీపం ఎవరు పెడ్తరు? ఒక్కరన్న చెప్పరేంది నాకు!" అని గిన్నె నేలకేసి కొట్టింది.

బాబాయిగారు ఆమె చెవి దగ్గర వంగి చెప్పారు. "అవ్వా, మీరు పోయిన తొవ్వలనే చిర్త పండుకున్నదే. ఈమె సూసింది."

ఆమె నా వైపు తిరిగింది. పొరలు కమ్మిన కళ్లతో నా ముఖం ఎక్కడుందో వెతికింది. "నేను దాని ముంగట్నుంచి పోయిన్నా?" అంది.

"అవునండీ."

నా చెయ్యి పట్టుకుని ట్రాలీ ఎక్కింది. ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. గోళ్లు దిగిన గుర్తులు మర్నాటికి కూడా ఉన్నాయి.

ఆమెకు జడుపు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకెళ్లి చూపించారు. జ్వరం తగ్గినా చాలా రోజులు ఆమె గడప దాటలేదు. నేను కింద కూర్చుని గంజి తాగించేటప్పుడు ఒకటే అనేది, "సూసినా బాగుండు బిడ్డా. సూడకుంట పోయిన, గదే ఆగమాగం జేస్తుంది." నేను చూసినదాన్ని. నాకూ నిద్ర లేదు. మిద్దె మీద ఆరేసిన చీర గాలికి గరగరమన్నా పాపను వాటేసుకునేదాన్ని. మా ఆయన మొదట్లో ఓదార్చాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి పాపను ఆయనే బడికి దింపడం మొదలుపెట్టాడు.

అటవీ శాఖవాళ్లు బోను పెట్టారు. అందులో మేకను కట్టారు. చిరుత రాలేదు. కర్ణాటక వైపు పోయిందన్నారు. కొన్నాళ్లకు ఆ చెరకు కొట్టారు. కొట్టడానికి వచ్చిన కూలీలు బాబాయిగారికి చూపించారట. లోపల ఒకచోట చెరకు వంగి, నేల నున్నగా అణిగి ఉంది. పక్కన కుక్క ఎముకలు. ఆ చోటికీ, పిల్లలు శనగకాయలు ఒలుచుకున్న చోటికీ మధ్య నాలుగైదు చెరకు వరసలే. ఆ మాట ఆయన నాకు చెప్పకుండా ఉండాల్సింది.

మరుసటి ఏడు వెళ్లకూడదనే అనుకున్నాను. పాపను మాత్రం ఇంట్లో, వాళ్ల నాన్న దగ్గర ఉంచి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే మామ్మగారు వెళ్తోంది కనుక, ఈసారీ వెనక నన్నే నడవమంది కనుక. ఆమెకు కళ్ల ఆపరేషన్ అయింది. ఆ ఏడు పక్క చేలో చెరకు బదులు శనగ వేశారు. గుట్ట మొదలు దాకా కనుచూపు ఆనుతోంది. అయినా మేం ఇద్దరం మునుపటిలా నడవలేదు. ఆమె చల్లడం కంటే చూడడం ఎక్కువైంది. కాలువ దగ్గర ఆగింది.

"యాడ పండుకున్నదో సూపియ్యి" అంది.

చూపించాను. అక్కడ శనగ మొక్కలు మోకాలెత్తున కూడా లేవు. వాటి మధ్య ఓ పిట్ట ఏదో ఏరుకుంటోంది. ఆమె చాలాసేపు అలాగే చూసింది.

"ఇంత దగ్గరనా?" అంది.

"ఇంకా దగ్గరండీ. మీ చీర చెంగు కాలువ మీద ఆడింది."

"ఇగ నడువు బిడ్డా. నాకు భయమైతుంది" అని, అరవడం కూడా మరిచి, గబగబా ముందుకు నడిచింది. నేను ఆమెను ఆనుకుని నడిచాను.