అమ్మ అరచేతుల్లో గింజలు

మా అమ్మ ఆయాసానికి ఆ మందు తెచ్చింది నేను. ఆదోనిలో టీచరుగా చేరిన మొదటి సంవత్సరమే, డెబ్బైల మధ్యలో, తోటి టీచరొకామె చెబితే కొండ కింది వీధిలో ఉండే ఒక ముసలి వైద్యుడి దగ్గరికి పోయాను. పసుపుపచ్చటి పొడి, చిన్న చిన్న పొట్లాలు. రోజుకొకటి తేనెలో కలిపి నాకాలి. నెలకోసారి ఆదివారం పూట ఆ పొట్లాలు సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కేదాన్ని. ఎంత గొప్పగా ఎక్కేదాన్నో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కంపరం.

ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఇంటినిండా నూలు దుమ్ము. చలికాలం వచ్చిందంటే అమ్మ రాట్నం దగ్గరే కూలబడి, రెండు చేతులూ నేలకు ఆనించి, గాలి కోసం నోరు తెరిచేది. అలాంటి మనిషి మందు మొదలుపెట్టిన నెలన్నరకు, బిందె చంకనెత్తుకుని వీధి కొళాయి నుంచి ఎక్కడా ఆగకుండా నడిచొచ్చింది. నాన్న సంబరపడి ఆ వైద్యుడికి ఒక పంచె నేసి పంపాడు. అబద్ధమెందుకు, మందు నిజంగానే పనిచేసింది.

నాలుగేళ్లకు అమ్మ వీపు మీద, రొమ్ము మీద చర్మం నల్లబడి, మధ్యమధ్య చిన్న తెల్ల మచ్చలు తేలాయి, దుమ్ములో నాలుగు చినుకులు పడ్డట్టు. వైద్యుణ్ణి అడిగితే, "ఒంట్లో చెడంతా బయటికి వస్తాండాది తల్లీ, మంచిదే" అన్నాడు. ఆ మాటే మోసుకొచ్చి అమ్మకు చెప్పాను. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో జొన్నగింజల్లాంటి గట్టి బుడిపెలు లేచాయి. పనిచేసే చేతులకు కాయలు కాయవా అనుకున్నాం. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే కూర్చుని కూర్చుని అనుకున్నాం. అన్నిటికీ మా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది.

దారం మాత్రం ఊరుకోలేదు. కండె చుట్టేటప్పుడు అది ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి జారుతూ పోవాలి. ఆ గింజలకు తగులుకుని పుటుక్కున తెగేది. "ఏందే, పొద్దున్నించి అతుకులే పెడ్తాండావు" అని నాన్న మగ్గం గుంటలోంచి కసిరేవాడు. అమ్మ బ్లేడుతో గింజలు చెక్కుకుని, కొబ్బరినూనె రాసుకుని మళ్లీ రాట్నం ముందు కూర్చునేది. వారం తిరక్కుండా మళ్లీ లేచేవి. చివరికి చూపుడువేలి మీద ఒకటి పుండైంది. ఆరు నెలలైనా మానలేదు. బ్లేడు తెగిన గాయమే అనుకున్నాం.

ఎనభైలు సగం గడిచాక కర్నూలులో ఒక చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాను. ఆయన ముందు పుండు చూడలేదు. అరచేతులు రెండూ తిప్పి చూసి, "ఈమె ఏం మందు తింటోందమ్మా? ఎన్నేళ్లుగా?" అని నన్నడిగాడు. సంచిలోంచి పొట్లం తీసిచ్చాను. దాన్ని పరీక్షకు పంపి, పది రోజులు పోయాక రమ్మన్నాడు.

"ఇందులో ఉన్నది ఆర్సెనిక్. పాషాణం అంటారే, అదే. ఎక్కువ తింటే ఆ రోజే పోతారు. చిటికెడు చొప్పున తింటే ఏళ్లు పడుతుంది. చర్మం చెడుతుంది, నరాలు చెడతాయి, లోపలివీ చెడతాయి. ఈ పుండు క్యాన్సరు." చంకలో ఉన్న గడ్డను కూడా ఆయనే తడిమి చూపించాడు. ఆ నెలలోనే అమ్మ వేలు తీసేశారు.

పోట్లాడదామని ఆదోనిలో బస్సు దిగగానే వైద్యుడి ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. కూర్చోమని చేయి చాపాడు. అరచేతి నిండా అవే గింజలు. పదేళ్లుగా ఆ చేత్తోనే నాకు పొట్లాలిచ్చాడు. నేను చూడలేదా? చూశాను. మందులు నూరి నూరి కాయలు కాచాయనుకున్నాను.

"నాకూ ఉబ్బసమే తల్లీ. మా నాయన గూడా ఇదే తిన్యాడు" అన్నాడు ఆయన. పోట్లాడకుండానే లేచి వచ్చేశాను.

మందు మాన్పించాను. రెండు నెలలు తిరక్కుండా ఆయాసం మళ్లీ పట్టుకుంది. సూదులు వేయించాం, మాత్రలు మింగించాం. ఒక పూట తగ్గితే ఇంకో పూట లేచేది. ఒక మధ్యాహ్నం అమ్మ తలగడ మీదికి వంగి, నాలుగు వేళ్ల చేత్తో నా కొంగు పట్టుకుంది. మాటకొకసారి ఊపిరి లాగుతూ అడిగింది.

"పాపా... ఒక్క పొట్లం... తేవే."

"అది విషమమ్మా! నీకెన్నిసార్లు సెప్పల్ల?" అని అరిచాను. ఆ స్థితిలో ఉన్న మనిషి మీద అరిచాను.

"విషమని తెల్సులే... సచ్చేది ఎట్లాగూ సస్తా. ఊపిరాడకుండా సంపొద్దు."

డాక్టరును అడిగాను. రోగం పాకాల్సినంతా పాకింది, ఇప్పుడు తిన్నా మానినా పెద్ద తేడా ఉండదన్నాడు. అలాగని ఇవ్వమని మాత్రం తాను చెప్పలేనన్నాడు. మరి ఎవరు చెబుతారు? మరుసటి రోజు నేనే పోయి తెచ్చాను. తెలియక పదేళ్లు తెచ్చినదాన్ని, ఈసారి తెలిసి తెచ్చాను. తేనెలో నేనే కలిపి, అమ్మ నాలుక మీద నేనే రాశాను. వారానికి అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగింది. లేచి నా ముఖం చూసి నవ్వింది.

"వచ్చే నెల మర్సిపోవద్దు పాపా" అంది.

మర్చిపోలేదు. మూడు నెలలు తెచ్చాను. నాలుగో నెల తెచ్చినవి సగానికి పైగా అలాగే మిగిలిపోయాయి.